కొరియర్‌లో వచ్చిన రోడోడెండ్రాన్: మూడేళ్ల తరువాత సవరించి రాస్తున్న సమీక్ష

2022 మార్చిలో రోడోడెండ్రాన్ అనే ఈ హిమాలయపు పూలపొదకు ఐదు నక్షత్రాలు ఇచ్చి, ఫొటోలు జోడించి ఒక సమీక్ష రాశాను. దానిని చదివి ఒడిశాలోని కోరాపుట్, జయపురం, రాయగడ ప్రాంతాల నుంచి కనీసం నలుగురు తెలుగువారు ఇదే మొక్కను తెప్పించుకున్నారని తరువాత తెలిసింది. వారిలో ఇద్దరు కోరాపుట్ జిల్లాలోని మా సునాబెడ వారే కావడం వల్ల, వారి పెరట్లో ఆ మొక్క ఏమైందో కళ్లారా చూశాను. నేను రాసిన మాటలు అప్పటికి నిజమే గాని, ఒక పొద జీవితంలో మూడు వారాలు చూసి దాని గుణం మొత్తం తెలిసినట్టు రాయడం నా పొరపాటు. ఈ మూడేళ్లుగా రాసుకున్న నోటుపుస్తకాన్ని దగ్గర పెట్టుకుని, ఆ సమీక్ష స్థానంలో దీనిని రాస్తున్నాను.

నేను తెప్పించినవి మూడు మొక్కలు. రోడోడెండ్రాన్ కాంపాన్యులేటమ్ అనే జాతివి రెండు, ఒక్కొక్కటి 1,450 రూపాయలు. వాటితోపాటు 380 రూపాయలకు అజేలియా అనే మరో పూలపొద ఒకటి. అమ్మినది హిమాలయ సానువుల్లోని ఒక నర్సరీ. దాని పేరు రాయకపోవడానికి కారణం, నేను చెప్పబోయే లోపం ఆ ఒక్క నర్సరీది కాకపోవడమే. ఇదే మొక్కను దాదాపు ఇవే మాటలతో అమ్ముతున్నవారిని ఆ తరువాత ఇంకా కొందరిని చూశాను. మొక్కకు కట్టిన చీటీ మీద రెండు వాక్యాలున్నాయి: కొండ ప్రాంతాలన్నిటికీ అనువైనది, ప్రతి వసంతంలోనూ పూస్తుంది. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, సాలూరు నుంచి ఘాట్ ఎక్కి వచ్చే చుట్టాలు సంక్రాంతి రోజుల్లో దుప్పట్లు అడిగి కప్పుకునే చోట ఉంటున్న మేము కొండ ప్రాంతం వాళ్లమే కదా అనుకుని కొన్నాను.

ప్యాకింగ్ గురించి అప్పుడు మెచ్చుకున్న మాటను ఇప్పుడూ మార్చను. తొమ్మిది రోజుల ప్రయాణం తరువాత కూడా వేళ్ల చుట్టూ చుట్టిన గోనెగుడ్డ తడిగానే ఉంది, ఒక్క కొమ్మా విరగలేదు.

మొక్కలు ఫిబ్రవరి రెండో వారంలో చేరాయి. ఒక్కొక్కటి మూరెడు ఎత్తు ఉంది. కొమ్మ చివర వలయంలా అమరిన దళసరి ఆకులు, వాటి నడుమ పొలుసులు కప్పుకున్న ఈతకాయంత మొగ్గ. ఆకు పైభాగం ముదురు పచ్చగా నున్నగా ఉంటే, అడుగుభాగం దాల్చినచెక్క రంగు నూగుతో నిండి, వేలితో రాస్తే మఖమల్ గుడ్డలా తగిలింది. మార్చి 4న మొదటి మొగ్గ విచ్చింది. వారం తిరిగేసరికి రెండు మొక్కల మీద కలిపి ఐదు గుత్తులు. గుత్తికి ఎనిమిది నుంచి పది పూలు, గంట ఆకారం, లేత ఊదా రంగు, పైరేకు లోపల ముదురు చుక్కలు. మా వీధిలో ఆ వారం మా ఇంటికి రానివారు లేరు. ఆ సంతోషంలోనే ఐదు నక్షత్రాలు ఇచ్చాను.

ఆ ఐదు గుత్తుల్లో ఒక్కటి కూడా మా నేలా, మా గాలీ ఇచ్చినది కాదని తెలియడానికి నాకు ఏడాది పైగా పట్టింది. ఆ పూలు 2021 ఎండాకాలంలో, ఆ నర్సరీ ఉన్న కొండ మీద, మొగ్గ లోపల తయారైపోయాయి. 2021-22 చలికాలంలో అవసరమైన చలి అంతా అక్కడే తిని, విచ్చడానికి ఒక్క వెచ్చదనం మాత్రమే మిగిలిన దశలో నాకు చేరాయి. ఆ వెచ్చదనాన్ని మా సునాబెడ ఇచ్చింది, అంతే.

ఈ మాట అర్థం కావాలంటే ఆ పొద సంవత్సరాన్ని అది పుట్టిన చోట చూడాలి. పశ్చిమ హిమాలయంలో దాదాపు 3,000 మీటర్ల ఎత్తు నుంచి, ఇక చెట్లు పెరగలేవు అనే గీత వరకు ఉన్న పట్టీలో ఇది దట్టమైన గుబుర్లుగా పెరుగుతుంది. అక్కడ ఏడాదిలో నాలుగైదు నెలలు నేల మంచు కిందే ఉంటుంది. మిగిలిన కొద్ది కాలంలో పూయాలి, కొత్త ఆకు వేయాలి, గింజ కట్టాలి, మరుసటి ఏటి మొగ్గను కూడా సిద్ధం చేసుకోవాలి. మంచు కరిగాక మొగ్గ కట్టడం మొదలుపెడితే ఈ పనులకు సమయం చాలదు గనుక, ముందటి ఏడే కట్టి ఉంచిన పూలను మంచు కరిగిన వెంటనే విప్పుతుంది. పూగుత్తికి సరిగ్గా కింద ఉన్న సన్నని ఆకుమొగ్గల నుంచి ఆ తరువాత కొత్త చిగురు వస్తుంది. ఆ చిగురు కొద్ది వారాల్లోనే సాగడం ఆపి గట్టిపడుతుంది; ఆపిన తరువాతే దాని కొసన పై ఏటి మొగ్గ రూపుదిద్దుకుంటుంది. లావుగా గుండ్రంగా ఉన్నది పూమొగ్గ, సన్నగా మొనదేలి ఉన్నది ఆకుమొగ్గ; శరదృతువులో కొమ్మ చివర చూస్తే వచ్చే ఏడు పూత ఎంతో అప్పుడే లెక్క కట్టవచ్చు.

చలికాలంలో ఆ మొగ్గ ఊరికే నిద్రపోదు. గడ్డకట్టే చలిలో లోపలి చిన్ని పూల నుంచి నీరు మెల్లగా బయటి పొలుసులలోకి చేరి, మంచు అక్కడ ఏర్పడుతుంది. పూలు గడ్డకట్టకుండా బతుకుతాయి. వారాల తరబడి ఎడతెగని చలి తగిలితేనే ఆ నిద్ర పూర్తవుతుంది. నిద్ర పూర్తికాని మొగ్గకు ఎంత ఎండ తగిలినా అది సరిగా విచ్చదు. ఇంకొక సంగతి: ఒక ఏడు విరగబూసి కాయలు కట్టిన కొమ్మకు, ఆ ఏడే మళ్లీ పూమొగ్గ కట్టేంత బలం చాలా సార్లు మిగలదు. అందువల్ల ఒక ఏడు నిండుగా, మరుసటి ఏడు పలచగా పూయడం ఈ జాతి మొక్కలలో సాధారణం. ‘ప్రతి వసంతంలోనూ పూస్తుంది’ అన్న మాట దాని సొంత ఊళ్లోనే పూర్తిగా చెల్లదు.

పెరుగుదల సంగతి చూద్దాం. మొగ్గను కప్పిన పొలుసులు రాలిపోయినప్పుడు కొమ్మ చుట్టూ దగ్గర దగ్గరగా సన్నని గీతల పట్టీ ఒకటి మిగిలిపోతుంది. ఒక పట్టీ నుంచి తరువాతి పట్టీ వరకు ఉన్న కొమ్మ ముక్క ఒక ఏటి పెరుగుదల. భూతద్దం పెట్టుకుని నా పెద్ద మొక్కలో ఒక కొమ్మను కింద నుంచి కొస దాకా లెక్కించాను. ఏడు ముక్కలు స్పష్టంగా కనిపించాయి, వాటిలో అన్నిటికన్నా పొడవైనది నాలుగు సెంటీమీటర్లు, పొట్టిది రెండు. కింద బెరడు ముదిరి గీతలు చెరిగిపోయిన భాగం లెక్కలోకి రాలేదు. అంటే నా చేతిలోని ఆ మూరెడు మొక్క ఏడేళ్లకు పైబడినది. 1,450 రూపాయలు ఎక్కువ అని మొదట అనుకున్న నాకు, ఆ లెక్క చూశాక ధర తక్కువే అనిపించింది. దానితో పాటు ఒక భయం కూడా కలిగింది: ఇంత నెమ్మదిగా పెరిగే పొదను నర్సరీలో పెంచారా, అడవిలో నుంచి పెకలించి తెచ్చారా? నర్సరీకి ఫోన్ చేసి అడిగాను. నేల అంటు తొక్కి, అంటే తల్లి మొక్క కొమ్మను నేలకు వంచి వేళ్లు దిగేలా చేసి పెంచినదని, తల్లి మొక్కలు తమ స్థలంలోనే ఉన్నాయని చెప్పి, ఆ అంట్ల ఫొటోలు పంపారు. ఫొటోలు చూసి నేను తృప్తిపడ్డాను. అయినా ఈ జాతిని కొనే ప్రతివారూ ఆ ప్రశ్న అడిగి తీరాలని నా అభిప్రాయం.

ఇక మా ఇంట్లో జరిగినది. 2022 ఏప్రిల్‌లో పూలు రాలాక కొత్త చిగురు వచ్చింది, లేత ఆకులు బూడిద రంగు నూగుతో అందంగా ఉన్నాయి. అక్కడితో ఆగవలసిన మొక్క, రథయాత్ర వర్షాలు పడగానే మళ్లీ చిగురించింది. నేను అది ఆరోగ్యానికి గుర్తని మురిసిపోయాను. ఆ ఏడు ఒక కొమ్మ ఏకంగా పదకొండు సెంటీమీటర్లు సాగింది. అంటే కొండ మీద మూడు నాలుగేళ్లకు వేసే పొడవు. పదకొండు సెంటీమీటర్ల ఆ కొమ్మ బలహీనంగా, ఆకుకీ ఆకుకీ మధ్య దూరం ఎక్కువై, గాలికి వాలిపోయేలా ఉంది. అక్టోబరులో కొసలన్నీ వెతికాను. ఒక్క లావు మొగ్గా లేదు, అన్నీ సన్ననివే. వెచ్చదనం, తేమ ఆగకుండా అందితే ఇది పెరుగుదల ఆపదు. పెరుగుదల ఆపనిదే పూమొగ్గకు వేళ రాదు. 2023 మార్చిలో మా పెరట్లో ఊదా రంగు కనిపించలేదు.

ఆ మే నెలలో ఉత్తరాఖండ్ యాత్రకు వెళ్లినప్పుడు, చోప్తా నుంచి తుంగనాథ్ ఆలయానికి ఎక్కే దారిలో ఈ పొదను దాని సొంత చోట చూశాను. పంచకేదారాల్లో ఒకటైన ఆ ఆలయం 3,680 మీటర్ల ఎత్తున ఉంది. కింద, ఉత్తరాఖండ్ రాష్ట్ర వృక్షమైన ఎర్రపూల రోడోడెండ్రాన్ చెట్ల పూత అప్పటికే రాలిపోయింది. ఎక్కే కొద్దీ ఆ చెట్లు పలచబడి, కాంపాన్యులేటమ్ గుబుర్లు మొదలయ్యాయి. ఒక్క పొద కూడా నిటారుగా లేదు. ఏటా మంచు బరువుకు అణిగి, మొదళ్లు వాలువైపు పడుకుని, కొసలు మాత్రం పైకి లేచి ఉన్నాయి. నేలకు ఆనిన కొమ్మలు కొన్ని అక్కడే వేళ్లు దిగి కొత్త పొదలయ్యాయి. నర్సరీవారు చేసే నేల అంటును అక్కడ మంచే చేస్తున్నది. దారి మొదట్లో గుత్తులు వాడిపోయి ఉన్నాయి, మధ్యలో నిండు పూత, గుడి సమీపంలో లోయ మడతల్లో మంచు ఇంకా కరగని చోట మొగ్గలు బిగుతుగానే ఉన్నాయి. అమెరికా కీటక శాస్త్రజ్ఞుడు ఆండ్రూ హాప్కిన్స్ 1918లో చెప్పిన లెక్క ప్రకారం వసంతం ప్రతి 400 అడుగుల ఎత్తుకు నాలుగు రోజులు ఆలస్యంగా వస్తుంది. అది ఉత్తర అమెరికాను చూసి కట్టిన ఉజ్జాయింపు అయినా, 3,000 మీటర్లకూ 3,600 మీటర్లకూ మధ్య ఇరవై రోజుల తేడా అనుకుంటే, వాడిన పువ్వునూ విచ్చని మొగ్గనూ ఒకే పూటలో నేను చూసిన దృశ్యానికి సరిగ్గా సరిపోయింది. ఒంటినిండా నూగున్న బొద్దు తుమ్మెదలు, మాకు చేతులు కొంకర్లు పోతున్న ఆ చలిలో, ఒక గంటపువ్వు నుంచి మరొక గంటపువ్వులోకి దూరుతున్నాయి. ఈ పొద ధరకూ దాని నక్షత్రాలకూ అసలు కొలత అక్కడే ఉందని నాకు అనిపించింది.

తిరిగి వచ్చాక ఒక ఏడు గట్టిగా ప్రయత్నించాను. కుండీలను సిల్వర్ ఓక్ నీడలోకి మార్చాను. సెప్టెంబరు చివరి నుంచి నీరు తగ్గించాను. ఆ ప్రయత్నం సగం ఫలించింది: 2023 అక్టోబరులో పెద్ద మొక్క మీద రెండు లావు మొగ్గలు స్పష్టంగా కట్టాయి. నేను రోజూ చూసుకున్నాను. ఆ చలికాలంలో మా పెరటి థర్మామీటరులో కనిష్ఠం 6 డిగ్రీలు; 10 కన్నా తక్కువకు దిగిన రాత్రులు ఇరవై లోపే, పగలు మాత్రం దాదాపు ప్రతిరోజూ 22 దాటింది. రాత్రి తిన్న చలిని పగటి ఎండ కరిగించేసినట్టయింది. ఫిబ్రవరి గడిచింది, మార్చి గడిచింది, మొగ్గలు కదలలేదు. ఏప్రిల్‌లో పొలుసులు గోధుమ రంగుకు తిరిగి, వేలితో తాకితే రాలిపోయాయి. ఒక మొగ్గను బ్లేడుతో చీల్చి చూస్తే లోపల తొమ్మిది పూలు బియ్యపు గింజల పరిమాణంలో వరసగా ఎండిపోయి ఉన్నాయి.

మొగ్గ కట్టించడం పెంచేవారి చేతిలో కొంత ఉంది; దానిని విప్పించే చలిని కోరాపుట్ జిల్లా ఇవ్వలేదు. మనకు అత్యంత ఎత్తైన దేవమాలి శిఖరమే 1,672 మీటర్లు. దక్షిణాదిలో ఈ కుటుంబపు రోడోడెండ్రాన్ సహజంగా పెరిగేది పశ్చిమ కనుమల ఎత్తైన కొండల మీదనే. 2,637 మీటర్ల దొడ్డబెట్ట శిఖరం ఉన్న నీలగిరులలోనిది ఎర్రపూల చెట్టు రకం, అది ఈ పొద కాదు.

నేల గురించి ఒక మాట. మన ఎర్రమట్టి సహజంగా కొంత ఆమ్ల గుణం కలది గనుక అది ఈ మొక్కకు మేలే చేస్తుంది. చెరుపు చేసింది నీరు. మా బోరు నీటిని బిందెలో రెండు రోజులు ఉంచితే అడుగున తెల్లటి పొర కడుతుంది. ఆ సున్నం వల్ల మొదటి ఏడాదిలోనే లేత ఆకుల ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి, మధ్యభాగం పసుపు పచ్చగా మారింది. వాననీటికి మారాక మూడు నెలల్లో కోలుకుంది. దీని వేళ్లు వెంట్రుకల్లా సన్ననివి, లోతుకు పోవు. ఆ వేళ్లలో కలిసి బతికే ఒక రకం శిలీంధ్రం కుళ్లుతున్న ఆకుల నుంచి నత్రజనిని మొక్కకు అందిస్తుంది. కనుక రసాయన ఎరువు కన్నా ఆకుమట్టే దీనికి ఆహారం. అయితే ఆకుమట్టి, కొబ్బరిపొట్టు కలిపిన కుండీ మా జూలై వానకు తడిసి వెచ్చగా నానుతూ ఉంటే వేరుకుళ్లు తప్పదు. 2024 జూలైలో చిన్న మొక్క నాలుగు రోజుల్లో వడలిపోయింది. తడిగా ఉన్న కుండీలో మొక్క వడలితే నీరు పోయకూడదన్న సంగతి తెలిసి కూడా, ఆశ కొద్దీ ఒకసారి పోశాను. కుండీ నుంచి లాగితే వేళ్లు నల్లగా, పట్టుకుంటే పై పొర ఊడి వచ్చేలా ఉన్నాయి. సునాబెడలో ఇదే మొక్కను పెంచిన మిగతా ఇద్దరి ఇళ్లలోనూ వానాకాలమే దానిని తీసుకుపోయింది.

ఇదే నర్సరీ పంపిన అజేలియా గురించి మాత్రం సంకోచం లేకుండా చెప్పగలను: కొనండి. అదీ రోడోడెండ్రాన్ కుటుంబమే, శాస్త్రం లెక్కన అదే ప్రజాతి. వ్యాపారంలో ‘ఇండియన్ అజేలియా’ అనే పేరున్నా, దాని మూలమైన సిమ్సియై జాతి చైనా వైపుది. చెట్లు ఆగిపోయే గీత దగ్గర పుట్టినది కాదు గనుక చలి కోరిక తక్కువ. మా ఇంట్లో మూడు చలికాలాలూ జనవరి చివర మొదలుపెట్టి ఆరు వారాలు పూసింది; నిరుడు ఒక దశలో లెక్కపెడితే 41 పూలు ఒకేసారి ఉన్నాయి. పూత అయిన వెంటనే కొసలు తుంచాలి. జూన్ దాటాక తుంచితే వచ్చే ఏటి మొగ్గలనే తుంచినట్టవుతుంది. మొదటి ఏడు నేను చేసిన తప్పు అదే.

రెండు మొక్కలకూ వర్తించే ఒక హెచ్చరిక: ఆకులూ పూలూ విషపూరితం. మన వీధుల్లో మేకలు స్వేచ్ఛగా తిరుగుతాయి. చిన్న పిల్లలున్న ఇళ్లూ ఉన్నాయి. ఈ మాట చీటీ మీద పెద్ద అక్షరాలతో ఉండవలసింది, అసలు లేదు.

నర్సరీ సేవ గురించి న్యాయంగా చెప్పాలి. ఫోన్ చేసిన ప్రతిసారీ ఓపికగా మాట్లాడారు. పదిరోజుల హామీ దాటింది కనుక డబ్బు తిరిగి ఇవ్వలేమన్నారు, నేనూ అడగలేదు. నేను అడిగినది ఒక్కటే: చీటీ మీద ఆ రెండు వాక్యాలు తీసేసి, ఏ ఎత్తున పూస్తుందో, ఎన్ని వారాల చలి కావాలో, మొగ్గతో పంపుతున్న మొక్క మొదటి పూత ఏ ఏటిదో రాయమని. పరిశీలిస్తామన్నారు. ఈ సమీక్ష రాసే ముందు వారి పేజీ మళ్లీ చూశాను. చీటీ మాటలు అలాగే ఉన్నాయి, ఫిబ్రవరిలో మొగ్గలతో పంపడం కూడా అలాగే కొనసాగుతున్నది. మొగ్గతో వచ్చిన మొక్క ఏ ఊళ్లోనైనా ఒకసారి పూస్తుంది గనుక, ఆ ఒక్క పూత చూసి కొన్నవారు నాలాగే ఐదు నక్షత్రాలు ఇస్తూనే ఉన్నారు. ఆ సమీక్షల తేదీలు గమనించండి: నేను చూసినవాటిలో ఎక్కువ భాగం మార్చి నెలవే.

అందువల్ల నా లెక్క ఇలా మారింది. అజేలియాకు ఐదు. ప్యాకింగ్‌కు ఐదు. కాంపాన్యులేటమ్ మొక్క నాణ్యతకు నాలుగు, ఎందుకంటే వచ్చినది నిజంగా మంచి మొక్క. దానిని మన జిల్లాలకు అమ్మిన పద్ధతికి ఒకటి. కోరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల్లో ఎవరూ దీనిని కొనవద్దని నా మనవి. చూడాలనుకునేవారు ఆ డబ్బును దాచుకుని, మే మొదటి పక్షంలో చోప్తా వెళ్లండి.

మిగిలిన పెద్ద మొక్కను తిరిగి పంపిస్తే తమ తల్లి మొక్కల దగ్గర నాటుతామని నర్సరీవారు ఒప్పుకున్నారు. డిసెంబరులో, దారిలో ఎండ తగలని రోజులు చూసి, అదే పద్ధతిలో తడి గోనెగుడ్డ చుట్టి, 310 రూపాయల కొరియర్ ఖర్చు నేనే పెట్టుకుని పంపాను. చేరిందని, మంచు పడుతున్నదని ఫొటో వచ్చింది. చచ్చిపోయిన చిన్న మొక్క కాండాన్ని మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను. దాని మీద కింద నుంచి ఆరు పొట్టి ముక్కలు, పైన మూడు పొడవైనవి.